వంటింటి సీసాల్లో దాగిన తీపిని పట్టుకోవడం ఎలా?

పర్లాకిమిడిలోని మా వంటింటి అలమరలో ఒకే వరసలో నాలుగు భాషల సీసాలు ఉంటాయి. పాతపట్నంలో కొన్న పచ్చడి సీసా మీద తెలుగు, వీధి చివర కిరాణా కొట్లో కొన్న ఆవ కాసుంది అనే ఆవపిండి సాసు మీద ఒడియా, బరంపురం వెళ్ళినప్పుడల్లా తెచ్చుకునే సాసుల మీద హిందీ, ఇంగ్లీషు కనిపిస్తాయి. అయితే ముందువైపు ఏ భాష ఉన్నా, వెనుక చిన్న అక్షరాలలో అచ్చువేసే పదార్థాల జాబితా దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది. మన దేశపు లేబుల్ నిబంధనల ప్రకారం ఆ వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే సరిపోతుంది. మిగతా భాషలు తయారీదారు ఇష్టం. అందుకే తెలుగు చదువుకుని ఒడిశాలో కాపురం చేస్తున్న మనలో చాలామంది ఆ జాబితా జోలికి పోము. ఒక మధ్యాహ్నం వీలు చేసుకుంటే ఆ జాబితాను చదవడం నేర్చుకోవచ్చు. దానికి కావలసినవి మీ అలమరలోని సీసాలు, ఒక కాగితం, ఒక మార్కర్ కలం, ఒక టీ చెంచా, అక్షరాలను పెద్దవి చేసి చూడటానికి ఫోను. వంటింటి తూకం యంత్రం ఉంటే మరీ మంచిది.

ముందుగా అలమర ఖాళీ చేసి, తీపి అని పేరులోనే చెప్పుకునే వాటిని పక్కన పెట్టండి. బెల్లం ఆవకాయతో మనకు పేచీ లేదు. పక్కింటి ఒడియావారు భోజనంలోకి పంపే టమాటో ఖట్టాతోనూ లేదు, ఎందుకంటే అందులో బెల్లం గడ్డ పడుతుందని అందరికీ తెలుసు, తెలిసే రెండు చెంచాలు వడ్డించుకుంటాము. మనం వెతుకుతున్నది పులుపు, కారం, ఉప్పు అని పేరు పెట్టుకుని లోపల తీపిని మోసే పదార్థాలను: టమాటో సాసు, చిల్లీ సాసు, కాసుంది, మయొనైజ్, చాట్‌లోకి వాడే తీపి పులుపు చట్నీ, కొన్ని కంపెనీల నిమ్మకాయ ఊరగాయ, అప్పుడప్పుడు అల్లం వెల్లుల్లి పేస్టు కూడా. పులుపు, ఉప్పు గట్టిగా ఉన్నచోట నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. కాబట్టి ఈ పనికి నాలుకను నమ్ముకుంటే లాభం లేదు, సీసా వెనక్కి తిప్పాల్సిందే.

వెనక్కి తిప్పాక ‘ఇంగ్రీడియెంట్స్’ అన్న మాట వెతకండి. ఒడియాలో అయితే ‘ఉపాదాన’ అని ఉంటుంది. ఇక్కడి బడుల్లో చదివే మన పిల్లలు ఆ లిపిని సులువుగా చదివి పెడతారు. ‘చిని’ అంటే పంచదార, ‘గుడ’ అంటే బెల్లం, ‘లుణ’ అంటే ఉప్పు అని మీరు చెప్పనక్కర్లేదు, వాళ్ళే మీకు చెబుతారు. ఈ జాబితాలో పదార్థాలను తయారీ సమయంలో ఉన్న బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది నియమం. అంటే మొదటి మూడు పేర్లే ఆ సీసాలోని అసలు సరుకు అనుకోవచ్చు. సీసా మీద ఎర్రటి టమాటోలు బొమ్మ వేసి ఊరిస్తే, అసలు టమాటో ఎంత శాతమో జాబితాలో చెప్పాలి. ఆ అంకె కింద గీత గీయండి. టమాటో పేస్టు తర్వాత వెంటనే పంచదార ఉందంటే, నీళ్ళను పక్కనపెడితే అది టమాటో, పంచదార కలిసిన పాకమే.

అయితే పంచదార ఎప్పుడూ పంచదార అన్న పేరుతోనే రాదు. లిక్విడ్ గ్లూకోజ్, గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, ఇన్‌వర్ట్ సిరప్, కార్న్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పండ్ల రసం కాన్సన్‌ట్రేట్, తేనె, ఖర్జూరం పాకం, ఇవన్నీ ఒకే ఇంటి పేరు కలవి. ‘సిరప్’ అని ఉన్నా, పేరు చివర ‘ఓజ్’ అని పలికినా అనుమానించండి. ఈ గుర్తుకు ముఖ్యమైన మినహాయింపులు రెండున్నాయి. సెల్యులోజ్ పేరున్నవి తీపి కావు, చిక్కదనానికి వేసే పీచు జాతివి. సుక్రలోజ్ తీపే గాని పంచదార కాదు, దాని సంగతి తర్వాత చూద్దాం. ఇక్కడ గమనించాల్సిన కిటుకు ఒకటుంది. ఒకే సీసాలో పంచదార కొంత, లిక్విడ్ గ్లూకోజ్ కొంత, డెక్స్‌ట్రోజ్ కొంత వేస్తే, ఒక్కొక్కటీ విడిగా తక్కువ బరువు తూగి జాబితాలో కిందికి దిగిపోతాయి. మూడూ కలిపితే బహుశా మొదటి స్థానం వాటిదే. కాబట్టి జాబితాలోని తీపి పేర్లన్నిటి చుట్టూ సున్నా చుట్టి, ఎన్ని సున్నాలు వచ్చాయో సీసా పేరు పక్కన రాసుకోండి. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది కనిపిస్తే దానికి సగం సున్నా చుట్టండి. అది పిండి పదార్థం నుంచి తీసిన పొడి, పెద్దగా తీపి ఉండదు, పోషకాల పట్టికలోని పంచదార వరసలో సాధారణంగా లెక్కకు రాదు, కాని రక్తంలో గ్లూకోజును మాత్రం పంచదారకు తీసిపోనంత త్వరగా పెంచుతుంది. మధుమేహం ఉన్నవారు దీనికి నిండు సున్నాయే చుట్టుకోవాలి.

తర్వాత పోషకాల పట్టిక. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైన మెట్టు ఇదే, ఎందుకంటే పేర్లు మనిషిని భయపెడతాయి, అంకెలు దారి చూపిస్తాయి. పట్టికలో 100 గ్రాములకు ఎంత అని ఒక వరస, ఒక వడ్డనకు ఎంత అని మరొక వరస ఉంటాయి. వడ్డన అంటే ఎంతో తయారీదారే నిర్ణయించి రాస్తాడు కాబట్టి ఆ వరసను వదిలేసి 100 గ్రాముల వరసనే చూడండి. అందులో మొత్తం చక్కెరలు, అదనంగా కలిపిన చక్కెర, సోడియం అనే మూడు అంకెలు మనకు కావాలి. టమాటోలో సహజంగా ఉన్న తీపి మొదటి అంకెలో కలిసి ఉంటుంది; బయటి నుంచి వేసినది రెండో అంకె. ‘నో యాడెడ్ షుగర్’ అని ముందువైపు ఉన్న సీసాకు కూడా మొదటి అంకె సున్నా కానక్కర్లేదు.

మా మామగారికి పన్నెండేళ్ళుగా మధుమేహం. టీలో పంచదార మానేశారు, సంక్రాంతికి అరిసె కూడా ముట్టరు. కాని రాత్రి చపాతీల పక్కన టమాటో సాసు లేనిదే ఆయనకు ముద్ద దిగదు. పులుపే కదా అని ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదు. ఒకరోజు ఆయన కంచంలో వేసుకున్న సాసును అలాగే గిన్నెలోకి తీసి తూకం యంత్రం మీద పెట్టాను. 46 గ్రాములు తూగింది. సీసా వెనుక 100 గ్రాములకు కలిపిన చక్కెర 24 గ్రాములు అని ఉంది. లెక్క కట్టండి: 46ను 24తో గుణించి 100తో భాగిస్తే 11 గ్రాములు. టీ చెంచాకు సుమారు 4 గ్రాముల పంచదార పడుతుందనుకుంటే, ఆయన టీలో మానేసినది కంచంలో రెండు ముప్పావు చెంచాలుగా తిరిగి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు, సీసాను తన వైపు తిప్పుకుని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

మీరూ ఇలాగే చేయండి. మీ ఇంట్లో నిజంగా వాడే మోతాదును ఒక్కసారి తూచి, 100 గ్రాముల అంకెతో గుణించి, 100తో భాగించండి. తూకం లేకపోతే పెద్ద చెంచాకు సుమారు 15 గ్రాములు అనుకోవచ్చు. పోల్చుకోవడానికి కొలబద్ద కూడా లేబుల్ మీదనే ఉంది: రోజుకు 2000 కిలోకేలరీలు తినే మనిషికి కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు మించకూడదన్న లెక్క మీదనే పట్టికలోని రోజువారీ శాతాలు వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకం కూడా చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతానికి తక్కువ ఉండాలని, 5 శాతానికి, అంటే సుమారు 25 గ్రాములకు దించగలిగితే ఇంకా మేలని చెప్పింది. సోడియాన్ని ఉప్పులోకి మార్చడానికి 2.5తో గుణించండి. 2000 మిల్లీగ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు, ఒక టీ చెంచా. సోయా సాసు ఒక్క పెద్ద చెంచాలోనే చాలా కంపెనీల సరుకులో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. ఇంట్లో నూడుల్స్ చేసే పిల్లలకు ఈ ఒక్క అంకె చెప్పినా చాలు. ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇంట్లో పెట్టిన ఆవకాయలో ఉప్పు తక్కువేమీ కాదు, ఉప్పే దానిని ఏడాది పాటు కాపాడుతుంది. ‘ఇంటిది’ అన్న ఒక్క కారణంతో దాని లెక్క తప్పించకండి.

ఇక అంకెల పేర్లతో ఉండే ఐ.ఎన్.ఎస్. పదార్థాలు, అంటే ఆహారంలో కలిపే రంగులు, నిల్వ పదార్థాల వంటి వాటికి పెట్టిన అంతర్జాతీయ సంఖ్యలు. వీటి విషయంలో నేను చేసిన పిచ్చిపని ముందు చెబుతాను. ఉప్పు ప్యాకెట్టు మీద 536 చూసి, అది పొటాషియం ఫెర్రోసయనైడ్ అని తెలుసుకుని, పేరులో సయనైడ్ ఉందని హడలిపోయి, కిలో ఉప్పును దొడ్లో కుమ్మరించాను. అది ఉప్పు గడ్డకట్టకుండా అతి స్వల్పంగా వేసేది. అందులోని సయనైడ్ ఇనుముతో గట్టిగా బంధమై ఉంటుంది కాబట్టి ఆ మోతాదులో విషం కాదు. ఆ ఉప్పు వల్ల చచ్చినవి దొడ్లోని కరివేపాకు మొక్కలే. అంకె కనిపించగానే సీసా పారేయకండి. 100 అంటే పసుపులోని కుర్కుమిన్. 160సి అంటే మిరప జాతి నుంచి తీసిన ఎరుపు. 260 వెనిగర్‌లోని పులుపు, 330 నిమ్మలోని పులుపు. వీటికి భయపడేవారు మన చింతపండు చారుకూ భయపడాలి.

అంకెలను వందల వారీగా గుర్తుపెట్టుకుంటే సులువు. 100 నుంచి మొదలయ్యేవి చాలావరకు రంగులు, 200లు నిల్వ ఉంచేవి, 300లు పులుపును సరిచేసేవి, నూనె చెడకుండా చూసేవి, 400లు చిక్కదనానివి, 600లు రుచిని పెంచేవి, 950 దగ్గర నుంచి తీపివి. 1422, 1442 లాంటివి మార్పు చేసిన పిండి. సాసులో టమాటో తక్కువైనప్పుడు సీసా నుంచి జారకుండా గట్టిగా నిలబెట్టేది ఇవే, అందుకే నేను వీటిని ఆరోగ్యం కోసం కాక, పెట్టిన డబ్బుకు సరుకు వచ్చిందా లేదా అని చూసేందుకు వాడుకుంటాను.

జాగ్రత్త పడవలసినవి కొన్నే ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో 102, 110, 122, 124 రంగులను తగ్గించండి. ఈ రంగులున్న ఆహారం పిల్లల ఏకాగ్రత మీద, చురుకుదనం మీద చెడు ప్రభావం చూపవచ్చన్న హెచ్చరికను ఐరోపా సమాఖ్య 2010 నుంచి లేబుల్ మీద తప్పనిసరి చేసింది. ఉబ్బసం ఉన్నవారు 220 నుంచి 228 వరకు ఉన్న సల్ఫైట్లను వెతకాలి, కొందరికి అవి ఆయాసాన్ని రేపుతాయి. 621 అంటే అందరికీ తెలిసిన అజినమోటో జాతి ఉప్పు, అదే ఎం.ఎస్.జి. ‘ఎం.ఎస్.జి. వేయలేదు’ అని ముందువైపు రాసి, వెనుక అదే తరహా రుచికి వేసే 627, 631, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్ అని రాసిన ప్యాకెట్లను నేను కొనడం మానేశాను. వాటివల్ల ప్రాణం మీదికి వస్తుందని కాదు, ముందు ఒక మాట వెనుక ఒక మాట చెప్పేవాడి సరుకు మన ఇంట్లో ఎందుకని. తీపి అంకెలలో 950, 951, 955, 960 ముఖ్యమైనవి: అసెసల్ఫేమ్, ఆస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా. బరువు తగ్గడానికి వీటిని ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారి గురించి కాదు, వారు తమ వైద్యుని అడిగి తేల్చుకోవాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జబ్బు పుట్టుకతో ఉన్నవారికి మాత్రం 951 పనికిరాదు.

ఇప్పుడు తీపి కాకపోయినా పేరు చాటున వేరే సరుకు దాచుకునే రెండు వస్తువులను దగ్గరగా చూడండి. మొదటిది ఇంగువ. మనం కొనే డబ్బాలో ఉన్నది ‘కాంపౌండెడ్ ఇంగువ’, అంటే అసలు ఇంగువ బంకకు తుమ్మ జాతి జిగురు, మైదా లేదా బియ్యప్పిండి కలిపి పొడి చేసినది. ఇది మోసం కాదు, చట్టం ఒప్పుకున్న తయారీయే. అసలు ఇంగువ ఘాటుకు అలా కలపకపోతే వాడలేము. కాని గోధుమ పడనివారికి చారులో వేసే చిటికెడు మైదా ఇంగువ కూడా పడదు, వారు బియ్యప్పిండి అని రాసి ఉన్న డబ్బానే వెతికి కొనుక్కోవాలి. రెండవది వెనిగర్. చక్కెర ద్రవాలనో పళ్ళ రసాలనో పులియబెట్టి చేసేది ఒకటి, అసిటిక్ ఆమ్లానికి నీళ్ళు కలిపి చేసేది మరొకటి. రెండోదాని మీద ‘సింథటిక్’ అని, అసిటిక్ ఆమ్లంతో తయారుచేసినదని రాయాలి. ఉల్లిపాయ ముక్కల్లో వేయడానికి ఏదైనా ఒకటే గాని, పులియబెట్టిన దాని ధర పెట్టి సింథటిక్ కొనకండి.

అల్లం వెల్లుల్లి పేస్టు మీద చూడవలసినది ఉప్పు ఎన్నో స్థానంలో ఉందన్నదే. అది ముందుంటే కూరలో మీరు వేసే ఉప్పు తగ్గించాలి. అప్పడాల్లో ఉప్పుతోపాటు సోడా ఉప్పు కూడా సోడియమే. ఉత్త మసాలా పొడులకు పోషకాల పట్టిక ఉండకపోవచ్చు, అక్కడ జాబితాతోనే సరిపెట్టుకోవాలి. మిరప్పొడి మీద ‘తినదగిన నూనె’ అని కనిపిస్తే కంగారు పడకండి, 2 శాతం వరకు కలిపి, కలిపామని రాయడానికి అనుమతి ఉంది.

మన ప్రాంతంలో అసలు చిక్కు లేబుల్ లేని సరుకుతోనే. బరంపురం అంటే ఊరగాయలకు, అప్పడాలకు పేరు. ఇక్కడ చిన్న చిన్న ఇళ్ళలో చేసి అమ్మేవారు ఎందరో ఉన్నారు, వారి చేతి రుచి కంపెనీ సీసాకు రాదు. వారి దగ్గర కొనడం మానమని నేను చెప్పను. కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: అందులో తీపికి ఏం వేశారు, రంగు వేశారా, నిల్వకు ఏం వేశారు? బాగా చేసేవాళ్ళు వెంటనే, కాస్త గర్వంగా కూడా చెబుతారు. ప్యాక్ చేసి అమ్మేవారి సంచి మీద దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. ఇచ్చే 14 అంకెల సంఖ్య ఉండాలి. లేబుల్‌లో ఒకటి, సీసాలో ఒకటి ఉందన్న గట్టి అనుమానం వస్తే బిల్లు, ఫొటోలు దాచి ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

చివరి పని, కొన్నిటిని ఇంట్లోనే చేసుకోవడం. అన్నీ అక్కర్లేదు, ఎక్కువ వాడే రెండు చాలు. కిలో పండిన టమాటోలను నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిర్చి, చిన్న దాల్చినచెక్క ముక్కతో ఉడికించి, చల్లారాక రుబ్బి, జల్లెడ పట్టి, అడుగు మందపు గిన్నెలో సన్నని సెగ మీద దగ్గరపడేదాకా కలుపుతూ ఉండండి. పాకం గిన్నె అంచు వదిలి, గరిటెతో గీసిన గీత కాసేపు చెరగకుండా నిలిచినప్పుడు ఉప్పు, రెండు చెంచాల వెనిగర్ వేసి దించండి. తీపి కావాలంటే రెండు ఖర్జూరాలు టమాటోలతోపాటే ఉడికించవచ్చు. అది కూడా చక్కెరే, కాకపోతే ఎంత వేశారో మీకు తెలుసు. నిల్వ పదార్థం లేదు కనుక ఫ్రిజ్‌లోనే ఉంచి వారం, పది రోజుల్లో ముగించాలి. అల్లం వెల్లుల్లి ముద్దను నూనెలో ముంచి గది వేడిమిలో మాత్రం ఉంచకండి, గాలి తగలని నూనెలోని వెల్లుల్లిలో ప్రమాదకరమైన సూక్ష్మజీవులు పెరగగలవు. ఐసు గదుల ట్రేలో గడ్డకట్టించి, రోజుకు ఒక గడ్డ తీసి వాడుకోండి.

మిగిలిన సీసాలను తిరిగి అలమరలో పెట్టేముందు, ప్రతి మూత మీద మార్కర్‌తో ఒక అంకె రాయండి: ఒక పెద్ద చెంచాకు ఎన్ని గ్రాముల పంచదార. మా సాసు మూత మీద 3.6 అని ఉంది, కాసుంది మీద 1.5, పక్కన కొత్తగా వచ్చిన ఇంటి సాసు మూత మీద చేసిన తేదీ. కంపెనీలు చెప్పాపెట్టకుండా పాళ్ళు మారుస్తుంటాయి కాబట్టి, కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ పాత మూత పక్కన పెట్టుకుని ఆ అంకెను సరిచూడాలి. ఆ పని ఇప్పుడు మా మామగారిదే.